మిగిలిపోయిన ఏడుపు

"పెద్ద గిన్నె మూత ఏదీ?" అని అరిచింది యోబో ముసలమ్మ.

అరిచానని ఆమె అనుకుంది. నిన్న సాయంత్రం నుంచి ఏడ్చి ఏడ్చి గొంతు పూర్తిగా పోయింది. ఎంత బలంగా అరిచినా, చిల్లుపడ్డ సైకిలు ట్యూబులోంచి గాలి పోతున్నట్టు వస్తోంది తప్ప, కోపానికి తగ్గ చప్పుడు రావడం లేదు. దాంతో కోపం ఇంకా పెరుగుతోంది.

"నేను చూళ్ళేదత్తా," అంది పెద్దకోడలు దోర్కస్, పొయ్యిలో కట్టె ఎగదోస్తూ.

"నువ్వు చూళ్ళేదు, హిల్డా చూళ్ళేదు, నేనూ చూళ్ళేదు. మరి మూతకి కాళ్ళొచ్చాయా? బయట వాకిలి నిండా జనం. మూత లేకుండా ఆ గిన్నెలో నీళ్ళు మరిగేసరికి వాళ్ళలో ఇంకో ఇద్దరు పోతారు."

"అరిటాకు కప్పుదాం."

"చావింటికి వచ్చినవాళ్ళకి పొగ కంపు కొట్టే టీ ఇస్తావా? రేపు గొరోకా బజారంతా చెప్పుకుంటారు, యోబో కొంపలో గిన్నెకి మూత కూడా లేదని."

చిన్నకోడలు హిల్డా బళ్ళో పాఠాలు చెబుతుంది. నిజం చెప్పడం ఆమెకు అలవాటు, ఎప్పుడు చెప్పాలో మాత్రం ఇంకా పట్టుబడలేదు. పాలపొడి డబ్బా తెరుస్తూ, "అక్క కిందటి వారం గిన్నె కుట్టుపని క్లాసుకి పట్టుకెళ్ళింది కదా. మూత అక్కడే ఉండిపోయిందేమో," అంది.

"గిన్నెతో కుట్టుపనేమిటే?"

"టీకి," అంది దోర్కస్.

"మూడేళ్ళ నుంచి ప్రతి బుధవారం కుట్టుపనికే వెళ్తున్నావు. నా గౌను భుజం దగ్గర అప్పుడెంత చిరిగిందో ఇప్పుడూ అంతే చిరిగి ఉంది. కాదు, ఇంకా పెద్దదయింది. ఏం కుడుతున్నారే అక్కడ, లే పట్నం రోడ్డు గుంతలా?"

దోర్కస్, కట్టె మండుతూనే ఉన్నా మళ్ళీ ఊదింది.

అప్పుడే వాకిట్లో, దోర్కస్ బుధవారం స్నేహితురాలు రూతి ఏడుపు అందుకుంది. రూతి ఏడుపంటే మామూలు ఏడుపు కాదు. కింద గొంతులో మొదలై, కాఫీ చెట్ల మీదుగా లేచి, వాగు దాటి, ఎదురు కొండకి తగిలి తిరిగొస్తుంది. నిన్నటి ఉపద్రవమంతా ఆ ఏడుపు వల్ల వచ్చిందే.

నిన్న ఆసుపత్రి వెనక గదిలో పసిపిల్లలకి టీకాలు వేశారు. బుధవారం బుధవారం ఆ గదిలో కలిసే ఆడవాళ్ళకి చోటు లేకపోయింది. మా ఇంటికి రండి, మావాళ్ళంతా కాబేజీలు అమ్ముకోడానికి బజారు వెళ్ళిపోతారు, అంది దోర్కస్. వచ్చారు. తుంపర పడుతుంటే అత్తగారు కాఫీ గింజలు ఆరబోసే నీలం పట్టా తీసి దోర్కసే నాలుగు గుంజలకి కట్టింది. దాని కింద గుండ్రంగా కూచున్నారు. చెప్పుకునే వంతు రూతికి వచ్చింది. రూతి సగం చెప్పి ఏడ్చింది. ఆమెని చూసి మిగతావాళ్ళు ఏడ్చారు.

వాకిట్లో పట్టా కట్టి, దాని కింద ఆడవాళ్ళు తలలు దగ్గర పెట్టుకుని ఏడుస్తున్నారంటే ఈ కొండల్లో దానికి ఒకటే అర్థం.

వాగవతలి పొరుగావిడ కట్టెల మోపు తెచ్చి కింద పెట్టి, తనూ కూచుని ఏడ్చింది. ఆవిణ్ణి చూసి ఇంకొకరు అరటిగెల తెచ్చారు. వాళ్ళని చూసి మరో ఇంటివాళ్ళు ముఖాలకి బంకమట్టి పూసుకుని వచ్చారు. ఖాళీ సంచీ తలకి తగిలించుకుని బజారు నుంచి తిరిగొచ్చిన యోబో తన వాకిట్లో జనాన్ని చూసింది. సంచీ అక్కడే పడేసి, దోసెడు మట్టి ముఖాన రాసుకుని, గుండెలు బాదుకుంటూ మధ్యలో కూలబడింది.

ఎవరు పోయారని ఆమె అడగలేదు. ఎవరూ అడగరు. పోయినవాళ్ళ పేరు పైకి అనకూడదు. ఎవరని అడిగితే, నాకు కబురు చెప్పేంత దగ్గరితనం లేదని ఒప్పుకున్నట్టు. కాబట్టి ప్రతివాళ్ళూ పక్కవాళ్ళకి తెలుసుననుకుని ఏడ్చారు.

దోర్కస్ పిలిచిన ఆడవాళ్ళ పరిస్థితి మరీ అధ్వాన్నం. ఏడుపు మధ్యలో లేచి వెళ్ళడమంటే పోయినవాళ్ళని చులకన చెయ్యడం. వాళ్ళని తీసుకొచ్చిన ఆసుపత్రి నర్సు సిస్టర్ వెరొలిన్ సముద్రం వైపు మనిషి, ఈ కొండల మర్యాదలు పూర్తిగా తెలియవు. వెళ్ళొస్తామని రెండుసార్లు లేచింది. రెండుసార్లూ ప్రేమగా చెయ్యి పట్టి కూచోబెట్టారు. రెండోసారి ఒళ్ళో ఒక పసివాణ్ణి కూడా పెట్టారు. తెల్లారినా ఆ పసివాడు అక్కడే ఉన్నాడు.

ఇప్పుడు చావు విందుకి పై ఊరి నుంచి పంది వచ్చింది.

యోబో వంటపాక తలుపు దగ్గరికి వేసి, కోడళ్ళిద్దర్నీ దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"సరే. ఇంతకీ ఎవరు?"

"ఏం ఎవరు?" అంది హిల్డా.

"పోయింది ఎవరే?"

హిల్డా చేతిలో చెంచా ఆగిపోయింది. "మీకు తెలీదా? మీరే కదత్తా అందరికంటే గట్టిగా ఏడ్చారు!"

"ఏడుస్తున్నారు కాబట్టి ఏడ్చాను. మా చెల్లెలే పోయిందనుకున్నాను. పొద్దున చూస్తే అది నా పక్కనే కూచుని ముక్కు చీదుతోంది."

"నేను మీ అన్నయ్యగారనుకున్నాను."

"మా అన్నయ్య బయట చెరుకు నములుతున్నాడు. మీ ఆయన?"

"లే పట్నం నుంచి ఇందాకే ఫోన్ చేశాడు. టైరు పంక్చరట."

అత్తా చిన్నకోడలూ చుట్టాలందర్నీ ఒక్కొక్కళ్ళనే తలుచుకున్నారు. ఒక్కొక్కళ్ళూ బతికే ఉన్నారు. తలుచుకోడానికి ఇంకెవరూ మిగల్లేదు. ఇద్దరూ నెమ్మదిగా దోర్కస్ వైపు తిరిగారు.

దోర్కస్ నోరు తెరిచేలోగా తలుపు తెరుచుకుంది.

ఇసాక్ వచ్చాడు. యోబో పోయిన భర్తకి అన్న, పై ఊరికి పెద్ద. చలికోటూ నిక్కరూ వేసుకున్నాడు. గడ్డంలో మట్టి ఎండి పెచ్చులు రాలుతోంది.

"పంది వచ్చింది. మా అబ్బాయి టైటస్ పొద్దున్నుంచి తాడు పట్టుకుని నిలబడ్డాడు. పేరు నా చెవిలో చెప్పు యోబో, పని కానిద్దాం."

పంది ఎవరి పేర కోస్తున్నారో కోసే పెద్దకి మాత్రం చెవిలో చెప్పాలి. అది లేకుండా కత్తి ఎత్తడు.

"ముందు టీ తాగండి బావా," అంది యోబో.

"ఆఁ?" ఇసాక్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఆయనకి చెవి లేదు, ఆమెకి గొంతు లేదు.

"టీ తాగమంటోంది పెదమామా!" అని హిల్డా అరిచింది.

"టీ ఏదీ?"

"మూత లేదు!"

"ఏం లేదు?"

"మూత!"

ఇసాక్ ఆలోచించాడు. టీ లేకుండా పంది కోయమనడం అతిథికి మర్యాద కాదు. "త్వరగా వెతకండి," అని వెనక్కి తిరిగాడు. తిరుగుతూ దోర్కస్‌ని చూశాడు. చూసి, ముఖం తిప్పుకుని, గడపకి పక్కగా ఉమ్మి, వెళ్ళిపోయాడు.

దోర్కస్ భుజాలు రెండూ చెవుల దాకా లేచి అక్కడే బిగుసుకుపోయాయి. అరికాళ్ళు నేలకి గట్టిగా ఆనించి ఏదో గొణుక్కుంది.

"పొయ్యి. నల్లగిన్నె. పాలపొడి. హిల్డా గాజు."

"ఏమిటే ఆ గొణుగుడు, కొట్టుకి వెళ్ళాలా?" అంది యోబో.

"ఏం లేదత్తా. భయమేసినప్పుడు ఎదురుగా కనిపించేవాటి పేర్లు చెప్పుకోమన్నారు. అప్పుడు ఇక్కడే ఉన్నానని తెలుస్తుంది."

"ఇక్కడ కాక ఇంకెక్కడుంటావు?"

అడిగిందే గాని, ఎక్కడుంటుందో యోబోకి తెలియకపోలేదు. మూడేళ్ళ కిందట తన పెద్దకొడుకు, దోర్కస్ మొగుడు నెల్సన్ పోయినప్పుడు కూడా ఈ నీలం పట్టానే కట్టారు. ఈ ఇసాకే దోర్కస్‌ని జుట్టు పట్టి పట్టా కింది నుంచి లాగి, 'మావాణ్ణి తినేసింది' అని పందుల దడి దగ్గర వానలో నిలబెట్టాడు. భర్త కోసం ఒక్క కన్నీటి చుక్క రాల్చనివ్వలేదు. యోబో ఆ రోజు చూసింది. చూసి, తల దించుకుని తన ఏడుపు తను ఏడ్చుకుంది.

ఆ సంగతి ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు.

తలుపు మళ్ళీ కదిలింది. ఈసారి సిస్టర్ వెరొలిన్. చంకలో పసివాడు, పసివాడి చేతిలో గిన్నె మూత.

"ఇది మీదేనామ్మా? రాత్రంతా దీంతోనే ఆడుకున్నాడు. తీసుకుంటే ఏడుస్తున్నాడు. ఇప్పటికే ఏడ్చేవాళ్ళు ఎక్కువయ్యారని ఊరుకున్నాను."

యోబో మూత లాక్కుంది. గౌను అంచుతో తుడిచింది. ఏదో తట్టినట్టు ఆగింది. గిన్నె మీద పెట్టబోయిన మూతని నేల మీద పెట్టి, దాని మీద కూచుంది.

"మూత దొరకలేదు," అంది.

"దొరికింది కదత్తా!" అంది హిల్డా.

"దొరకలేదంటుంటే! టీ అయితే పంది, పందికి పేరు కావాలి. నీ దగ్గరుందా పేరు? నోరు మూసుకో." సిస్టర్ వైపు తిరిగింది. "నువ్వేనామ్మా మా కోడలికి కుట్టు నేర్పేది?"

"కుట్టా? నాకు బొత్తాం కుట్టుకోవడం కూడా రాదే," అంది సిస్టర్ వెరొలిన్. అనేశాక దోర్కస్ ముఖం చూసింది. చూసి, పసివాడి చెవులు శుభ్రంగా ఉన్నాయో లేదో పరీక్షించడం మొదలుపెట్టింది.

దోర్కస్ చేతిలో కట్టె కింద పెట్టింది.

"ఎవరూ పోలేదత్తా," అంది దోర్కస్.

"మరి?"

"వాళ్ళు ఏడవడానికే వచ్చారు."

"ఏడవడానికి మా ఇల్లెందుకు? వాళ్ళకి ఇళ్ళు లేవా?"

"ఇంట్లో ఏడవలేకే వస్తారు. వాళ్ళెందుకు వస్తారో వాళ్ళే చెప్పుకోవాలి. నేనెందుకు వెళ్తానో చెబుతాను." ఆగింది. అరికాళ్ళు మరోసారి నేలకి ఆనించింది. "నాకు హెచ్.ఐ.వి. ఉందత్తా. మీ అబ్బాయికీ ఉండేది. ఆయన పోయింది దాంతోనే. దగ్గని మీకందరికీ చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

యోబో చిలగడదుంప ఒకటి తీసి తొక్క తీయడం మొదలుపెట్టింది. తొక్కంతా పోయింది. ఆమె ఆపలేదు. తెల్లటి దుంప కూడా సన్నగా చెక్కు చెక్కుగా ఒళ్ళో రాలుతోంది.

"ఎవరి నుంచి..." అని హిల్డా మొదలుపెట్టింది.

యోబో కత్తి పిడితో ఆమె మోకాలి మీద ఒక్కటిచ్చింది. హిల్డా ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు.

"నువ్వూ పోతావా?" అంది యోబో, దుంప వైపే చూస్తూ.

"పోను. రోజూ మాత్ర వేసుకుంటే మీలా ముసలిదాన్నవుతాను."

"సాయంత్రం వేసుకుంటావే, ఆ మాత్రేనా? తలనొప్పికన్నావు!"

"అబద్ధం చెప్పాను."

"మూడేళ్ళ తలనొప్పేమిటా అనుకున్నాను," అంది యోబో. "నా వల్లేమో అనుకున్నాను."

సిస్టర్ వెరొలిన్‌కి దగ్గు వచ్చింది. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

"మరి ఈ ఏడుపులెందుకు? మాత్ర ఉందిగా?" అంది యోబో.

"మాత్ర రక్తానికమ్మా," అంది సిస్టర్. "జబ్బుందని తెలిశాక మనుషులు చేసినవి ఉంటాయి చూడండి, తోసెయ్యడం, కొట్టడం, వాటికి మాత్ర లేదు. అవి కొంచెం కొంచెంగా పైకి చెప్పుకోవాలి, వినేవాళ్ళ మధ్య కూచుని. మీ కోడలు మాత్రం మూడేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు, ఒక్కసారీ ఏడవలేదు. తన వంతు వచ్చేసరికి టీ కాస్తానని లేచిపోతుంది."

"అందుకా నా గిన్నె!"

"ముట్టుకుంటే అంటుకోదత్తా," అంది హిల్డా హఠాత్తుగా, పాఠం చెప్పే గొంతుతో. "కలిసి తింటే అంటుకోదు. ఒకే కప్పులో తాగినా అంటుకోదు. ఎనిమిదో తరగతికి నేనే చెబుతాను." చెబుతూనే తన టీ కప్పుని కొంచెం ఇవతలికి జరుపుకుంది. జరుపుకున్న సంగతి ఆమెకే తెలియలేదు.

యోబోకి తెలిసింది. "పొద్దున మూతకి కాళ్ళొచ్చాయి. ఇప్పుడు కప్పుకొచ్చాయి," అంది.

హిల్డా కప్పు వైపు చూసుకుంది. చెవుల దాకా ఎర్రబడింది. కప్పుని ఉన్నచోట పెట్టింది. ఆ తర్వాత దాన్ని తీసి దోర్కస్ ముందుకి జరిపింది. దోర్కస్ తాగలేదు, వెనక్కీ నెట్టలేదు.

"మూత దొరికిందా?" బయట నుంచి ఇసాక్ కేక. "పంది పడుకుంది! టైటస్ కూడా!"

"పెదమామకి ఏం చెబుతారు?" అంది హిల్డా. "ఎవరూ పోలేదంటే ఈ ఆడవాళ్ళెవరని అడుగుతాడు. అది తెలిస్తే అక్కని ఈ రోజే గెంటేస్తాడు. ఇల్లూ కాఫీ తోటా వంశానివి, అక్కవి కావు."

యోబో లేచింది. సిస్టర్ వెరొలిన్ ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకుండా, పసివాడితో సహా మూత మీద కూచుంది.

వాకిట్లోకి రాగానే జనం ఏడుపు తగ్గించి చూశారు. యోబో నేరుగా ఇసాక్ దగ్గరికి వెళ్ళి, మర్యాద ప్రకారం ఆయన చెవికి నోరు ఆనించి చెప్పింది.

"ఆఁ?" అన్నాడు ఇసాక్.

మళ్ళీ చెప్పింది.

"నెల్సనా?" అన్నాడు ఇసాక్, ఎదురు కొండకి వినబడేలా. "నెల్సన్ పోయి మూడేళ్ళయింది కదా!"

జనం అంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. పోయినవాడి పేరు, పందిరి కింద, ఊరి పెద్ద నోట! ఇసాక్ గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. యోబో ఆ అదను వదులుకోలేదు. హిల్డాని చెయ్యి పట్టి పక్కకి లాక్కుంది. అత్త గాలిలా ఊదడం, కోడలు దాన్ని మైకులా అరవడం.

"వాడి ఏడుపు ఆ రోజు పూర్తి కాలేదంటోంది!"

"అదేమిటి? అప్పుడు అన్ని పందులు కోశాం!"

"పందులు కోశారు, పెళ్ళాన్ని ఏడవనివ్వలేదు అంటోంది! ఆ దడి దగ్గర నిలబెట్టారు అంటోంది! దాని వంతు ఏడుపు మిగిలిపోయింది అంటోంది! మిగిలిన ఏడుపుకి ఇప్పుడు పందిరి వేశాం అంటోంది!"

"అలాంటి ఆచారం ఎక్కడుంది?"

యోబో ఊదింది. హిల్డా ఆ మాట విని ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత మామూలు కంటే గట్టిగా అరిచింది. "మీ చెల్లెలు మోర్సబీ పట్నం నుంచి ఏడాది ఆలస్యంగా వస్తే మీ నాన్నగారి కోసం మళ్ళీ పందిరి వెయ్యలేదా? రెండు పందులు కొయ్యలేదా? చెల్లెలికైతే ఆచారం, కోడలికైతే కాదా అంటోంది!"

చెరుకు నములుతున్న యోబో అన్న, "వేశారు. నేను తిన్నాను," అని సాక్ష్యం చెప్పాడు.

జనంలోంచి అవునవునని గొణుగుడు వచ్చింది. వాళ్ళకి న్యాయమూ తోచింది, ఆకలీ వేస్తోంది. ఇసాక్ చుట్టూ చూశాడు. పంది కూడా లేచి ఆయన వైపే చూస్తోంది.

"అయితే ఏడవనీ," అన్నాడు.

దోర్కస్‌ని పట్టా కింద మధ్యలో కూచోబెట్టారు. అందరూ ఆమె మొదలుపెడుతుందని ఎదురుచూశారు. ఏడుపు రాలేదు. ఎక్కిళ్ళు వచ్చాయి. ఒకటి, ఇంకొకటి. రూతి సాయం చేద్దామని అందుకోబోతే సిస్టర్ వెరొలిన్ మోచేత్తో పొడిచి ఆపింది. దోర్కస్‌కి పట్టా మీద తుంపర చప్పుడు వినిపించింది. మూడేళ్ళ కిందట ఆ చప్పుడు బయటి నుంచి విన్నది. కింద కూచుని వింటే అది వేరేగా ఉంది. పొడిగా ఉంది.

ఎక్కిళ్ళ మధ్య నుంచి ఎక్కడో ఒక చిన్న మూలుగు బయటికి వచ్చింది. రూతిలా కొండ దాటలేదు. యోబో ఒడి దాకా వచ్చింది. ఆ తర్వాత ఆగలేదు.

మధ్యాహ్నం దాటాక, కాలిన రాళ్ళ మధ్య పందిని ఉడకబెట్టిన గుంట తెరిచారు. అరిటాకులు తీస్తుంటే ఆవిరి లేచింది. పంది మాంసం, దుంపలు, ఆకుకూర చుట్టూ అందరూ కూచున్నారు. ముఖాల మీది మట్టి కడుక్కున్నారు. నవ్వులు కూడా మొదలయ్యాయి. యోబో చాప మీద ఎందుకో కాస్త ఎత్తుగా కూచుని వడ్డిస్తోంది. తను అనుకున్నట్టే అంతా జరిగిందన్న తృప్తి ఆమె ముఖంలో దాగడం లేదు.

ఇసాక్ పక్కటెముక ఒకటి చేతిలోకి తీసుకుని, దాంతోనే గాలిలో సైగ చేసి అందర్నీ ఊరుకోబెట్టాడు.

"ఏడుపు పూర్తయింది," అన్నాడు. "మంచిది. మొగుడి కోసం ఏడుపు పూర్తి చేసుకోని ఆడదాన్ని ఎక్కడికీ కదపకూడదు. పూర్తయినట్టా కానట్టా అని నాకు మూడేళ్ళూ సందేహమే. ఈ రోజు యోబోనే అందరి ముందూ పూర్తి చేయించింది." ఎముక యోబో వైపు తిరిగింది. "దోర్కస్ కోసం ఓలిగా పందులు ఇచ్చింది మా వంశం. వంశంలోనే ఉండాలి. మా టైటస్ దాన్ని చేసుకుంటాడు."

టైటస్ నోట్లో దుంప ఉంది. అది లోపలికీ వెళ్ళలేదు, బయటికీ రాలేదు.

"నేనా?" అన్నాడు కాసేపటికి.

"నువ్వే."

"నాకు చెప్పలేదు నాన్నా."

"ఇప్పుడు చెప్పాను."

యోబో ముఖంలో తృప్తి ఇట్టే ఆరిపోయింది. ఏదో అందామని నోరు తెరిచింది. హిల్డా అరవడానికి సిద్ధంగా వంగింది. యోబో నోట్లోంచి గాలి కూడా రాలేదు. అరవడానికి హిల్డాకి ఏమీ దొరకలేదు.

అందరూ దోర్కస్‌ని చూశారు.

ఆమె భుజాలు మళ్ళీ చెవుల దాకా లేచాయి. అరికాళ్ళు నేలకి ఆనించింది. దుంప. ఆకు. టైటస్ గడ్డం మీద కడిగినా పోని మట్టి. పెదమామ చేతిలో ఎముక. అది వట్టి ఎముకే. భుజాలు దిగాయి.

"పెదమామా," అంది, ఆయనకి వినబడేంత గట్టిగా. "టైటస్ మంచివాడు. నేను చేసుకోను."

టైటస్ దుంప మింగాడు.

"నిన్నెవరు అడిగారు?" అన్నాడు ఇసాక్.

"ఎవరూ అడగలేదు, అందుకే చెబుతున్నాను. వచ్చే బుధవారం కూడా ఇక్కడ ఈ పందిరే వేస్తాను. ఈసారి టీ కాస్తానని లేచిపోను. కూచుని చెబుతాను. మీవాడు దేంతో పోయాడో, నేను రోజూ మాత్ర ఎందుకు వేసుకుంటానో, ఆ రోజు దడి దగ్గర మీరు నన్నేం చేశారో. చెప్పేది నేనొక్కదాన్నే, నా సంగతే. నా పక్కన కూచోవాలనుకున్నవాళ్ళు కూచోవచ్చు."

"నేను కూచుంటాను," అంది రూతి. ఆమె ఏడవకుండా మాట్లాడగలదని ఆ వాకిట్లో చాలామందికి అప్పుడే తెలిసింది.

"మీరూ రండి పెదమామా. అంతా విన్నాక కూడా నన్ను మీ కోడలిగా కావాలనుకుంటే, అప్పుడు అడగండి."

ఇసాక్ ఎముక ఆకులో పడేశాడు. "బుధవారం దాకా ఎందుకు? దాచేదేముంది? ఇప్పుడే చెప్పు."

దోర్కస్ పెదవులు కదిలాయి. యోబో ఆమె మోకాలి మీద చెయ్యి వేసి నొక్కి, హిల్డా చెవిలో ఊదింది.

"భోజనాల దగ్గర కాదంటోంది!" అని అరిచింది హిల్డా. ఇంకాస్త విని, గొంతు తడబడుతుండగా, "బుధవారం తనూ కూచుంటుందట. నిన్న ఎవరి కోసమో తెలీకుండా ఏడ్చిందట. ఈసారి తెలిసి ఏడుస్తుందట!" అంది.

ఇసాక్ లేచి నిలబడ్డాడు. చేతులు కోటుకి తుడుచుకున్నాడు.

"వస్తాను. ఒక్కణ్ణే రాను. పై ఊరి పెద్దలందర్నీ వెంటబెట్టుకుని వస్తాను. అక్కడ ఏది బయటపడినా, ఈ ఇంట్లో ఎవరుండాలో ఎవరు పోవాలో ఆ రోజే తేలుతుంది."

యోబో కొంచెం పక్కకి ఒరిగి, తన కింది నుంచి మూత లాగింది. అందరూ చూస్తుండగా దాన్ని పెద్ద గిన్నె మీద ఠంగుమని పెట్టింది. పొద్దున్నుంచి దాని కోసమే ఎదురుచూసిన ఇసాక్ మూతనీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు.

"అందర్నీ తీసుకురండి బావా," అంది యోబో. పోయిన గొంతు ఎక్కడి నుంచో కొంచెం తిరిగొచ్చింది. హిల్డా అరవాల్సిన అవసరం లేకపోయింది. "బుధవారం టీ నేను కాస్తాను."